కొండమీది గడ్డి, క్రిందిపొలముల నీరు

కొండమీది మేతకు ఖరీదు లేదని పెక్కుమంది తలంతురు. నిజమునకు ఆ ఖర్చు వేరొకచోట లెక్కకు వచ్చును. గడ్డి పోయిన వాలునందు వాననీరు మట్టిని కోసికొనిపోయి దిగువ పొలములను, చెరువులను పూడ్చును. దీనిని పంచాయతీ సభ్యులకు విశదపరచుటకై మేము హర్యానాలోని సుఖోమాజ్రి గ్రామమును ఉదాహరణముగా గైకొనుచున్నాము.

చండీగఢ్ నగరమున 1958లో నిర్మింపబడిన సుఖనా సరస్సు శివాలిక్ కొండల మట్టితో త్వరగా పూడసాగెను. 1970 దశకమున మృత్తికా సంరక్షణ శాస్త్రజ్ఞుడు శ్రీ పి. ఆర్. మిశ్రా ప్రభృతులు ఆ మట్టి జాడ తీయగా, పశువులు విచ్చలవిడిగా మేయుచుండిన సుఖోమాజ్రి కొండలు కానవచ్చినవి.

మేపవద్దని చెప్పినంతనే పని జరుగదు. మేకలే ఆధారమైనవారు వానిని మానుకొని ఎట్లు బ్రదుకుదురు? కనుక మొదట చిన్న మట్టికట్టలు వేసి, వాననీటిని పొలములకు మళ్లించిరి. అంతట మరియొక చిక్కు ఏర్పడెను. కట్ట దిగువ భూమి గలవారికే నీరు అందును. మేత మాత్రము అందరును మానవలెను. లాభము కొందరిది, త్యాగము అందరిది అయినచో ఏ కట్టుబాటును నిలువదు.

అందుచే భూమిలేనివారితో సహా ప్రతి కుటుంబమునకును నీటిలో సమానమైన వాటా నిర్ణయించిరి. అక్కరలేనివారు తమ వాటాను అమ్ముకొనవచ్చును. ప్రతిగా ఎవరును పశువులను కొండపైకి విడువరాదు. ముళ్లకంచె లేకుండగనే ఈ కట్టుబాటు కొండను కాచెను.

గడ్డి పెరిగెను. దానిని కోసి తెచ్చి పశువులను ఇంటివద్దనే మేపిరి. మేకలు తగ్గి గేదెలు హెచ్చినవి. కాగితపు మిల్లులకు పనికివచ్చు బాబర్ గడ్డిని పూర్వము గుత్తదారులు వేలములో పాడుకొనుచుండిరి. తరువాత ఆ గుత్త గ్రామసంఘమునకే లభించెను. సరస్సునకు చేరు మట్టియు తగ్గెను.

వన్యప్రాణుల విషయమునను న్యాయమిదియే. సుఖనా ఎగువ కొండలు కొన్ని 1998లో అభయారణ్యముగా ప్రకటింపబడినవి. అందు కణుజులు, నెమళ్లు కలవు. అడవి నిలిచినచో మేలు అందరిది. అడవిపంది పైరును త్రొక్కినచో నష్టము ఒక్క రైతుది. ఆ నష్టమునకు పరిహారము సకాలమున అందనిచో, రైతు అడవికి మిత్రుడు కాజాలడు.

2006 నాటి అటవీ హక్కుల చట్టము అర్హులైన అడవివాసుల మేపు హక్కును గుర్తించి, అడవిని, వన్యప్రాణులను కాపాడు అధికారమును గ్రామసభకు ఒసగినది. కావున కొండ గల ప్రతి గ్రామమున సభ్యులు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: మేత మానుటవలన నష్టపడువారెవరు? లాభములో వారి వాటా ఎంత? కట్టల పూడిక తీయుటకు నిధి ఎక్కడిది? వీనికి సమాధానము దొరకిన పిమ్మటనే మేపునకు కట్టడి విధించుట ఉచితము.