నలభైలోనే కంటికి పొర వస్తే...

"సర్వేంద్రియానాం నయనం ప్రధానం" అన్నారు పెద్దలు. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి ఈ హాస్టల్‌లో చదువుకుంటున్న మేము సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక మాట వింటుంటాం. "చూపు మసకేస్తోందిరా, వయసు మీద పడింది." ఆ మాట అనే అమ్మకో, నాన్నకో నలభై అయిదేళ్ళు కూడా ఉండవు. అది నిజంగా వయసేనా?

కంటిపాప వెనుక అద్దం లాంటి కటకం ఉంటుంది. అందులోని ప్రోటీన్లు మార్పు చెంది కటకం మసకబారడమే శుక్లం. నలభై దాటాక దగ్గరి అక్షరాలు మాత్రమే కనబడకపోతే అది చత్వారం, కళ్ళజోడుతో సరిపోతుంది. శుక్లమైతే మంచు పట్టినట్లుంటుంది, రంగులు వెలిసినట్లు కనిపిస్తాయి, రాత్రిపూట ఎదురొచ్చే బండి లైటు చెదిరిపోతుంది.

ముసలితనంలో శుక్లం రావడం మామూలే. ముందుగా వస్తే మాత్రం కారణం వెతకాలి. ముఖ్యమైనది షుగరు వ్యాధి. రక్తంలో ఎక్కువైన చక్కెర కటకంలో చేరి సార్బిటాల్‌గా మారుతుంది. అది నీటిని లాగడంతో కటకం దెబ్బతింటుంది. అదే షుగరు మూత్రపిండాలను, గుండెను, కంటి లోపలి రెటీనాను కూడా పాడుచేస్తుంది. స్టెరాయిడ్ మందులు ఎక్కువ కాలం వాడటం, పొగతాగడం, కంటికి దెబ్బ తగలడం, ఏళ్ళ తరబడి ఎండలో పనిచేయడం ఇతర కారణాలు.

వశిష్ఠ దాటితే వచ్చే పశ్చిమ గోదావరిలోనూ, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ, హైదరాబాద్‌లోనూ ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996-2000 మధ్య 10,293 మందిని పరీక్షించింది. 2009-10లో ఆ పల్లెలకు మళ్ళీ వెళ్ళి చూస్తే, వయసు తేడాను లెక్కలోకి తీసుకున్నా, శుక్లాలున్న వారిలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని తేలింది. పొర మనిషిని చంపుతుందని దీని అర్థం కాదు. శరీరంలో జరుగుతున్న హాని కంటిలో ముందుగా బయటపడుతూ ఉండవచ్చు. పొర వచ్చిన వారందరికీ షుగరు ఉంటుందనీ కాదు. కానీ ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక రక్తపరీక్ష చాలు.

"పొర ముదరాలి, అప్పుడే ఆపరేషన్" అనే మాట పాతది. ఇప్పుడు ముదిరేదాకా ఆగనక్కర్లేదు. చుక్కల మందుతో పొర కరగదు. ఆకు పసరు పోస్తే ఉన్న కన్ను పోవచ్చు. మసకబారిన కటకం తీసి కృత్రిమ కటకం అమర్చడమే వైద్యం. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్ ఉచితం. అయితే ఆపరేషన్‌తో కంటి పొర పోతుంది గాని షుగరు పోదు. దాని మందులు మానకూడదు.

కావున సోదరులారా, ఈసారి సెలవుల్లో ఒక పని చేద్దాం. ఇంట్లో ఎవరికైనా చూపు మసకగా ఉంటే ఒక పూట కూలి పోయినా సరే, ఆసుపత్రికి తీసుకువెళ్దాం. కంటితో పాటు షుగరు, బి.పి. కూడా చూడమని అడుగుదాం. మనం పట్టుకొచ్చే మార్కుల కాగితాన్ని మన అమ్మానాన్నలు కళ్ళారా చూడాలి కదా!