బిలియన్‌లో ఎన్ని సున్నలు?

ఒక చిన్న ప్రశ్న. ‘ఒక బిలియన్’ను అంకెల్లో రాయాలంటే 1 పక్కన ఎన్ని సున్నలు పెట్టాలి?

“ఇంత సులువైన ప్రశ్నా! తొమ్మిది” అని మీరు వెంటనే చెబుతారు. బిలియన్ అంటే నూరు కోట్లని మీరు చదువుకున్నారు కదా. ఇప్పుడు ఇదే ప్రశ్న జర్మనీలో చదివే ఒక విద్యార్థిని అడిగామనుకోండి. “పన్నెండు” అంటాడు. స్పెయిన్ దేశపు విద్యార్థి కూడా పన్నెండే అంటాడు. మరి ఎవరి జవాబు తప్పు? ఎవరిదీ తప్పు కాదు! మాట ఒక్కటే; అది సూచించే సంఖ్యలు రెండు.

మూడు సున్నలే కదా తేడా అనుకోకండి. వంద కోట్ల సెకన్లు గడవడానికి సుమారు 31 సంవత్సరాల 8 నెలలు పడుతుంది. లక్ష కోట్ల సెకన్లు గడవడానికి దాదాపు 31,700 సంవత్సరాలు కావాలి. మొదటిది మీ అమ్మానాన్నల వయసుకు దగ్గరగా ఉంటుంది. రెండవ లెక్కన వెనక్కి వెళితే, మనిషి ఇంకా వ్యవసాయం నేర్వకుండా గుహల్లో నివసించిన కాలానికి చేరుకుంటాం.

ఒకే మాటకు ఇంత తేడా ఎలా వచ్చింది? దానికి ఆ మాట పుట్టుక తెలుసుకోవాలి.

ముందు ‘మిలియన్’ సంగతి చూద్దాం. ఇటాలియన్ భాషలో ‘మిల్లె’ అంటే వెయ్యి. దానికి పెద్దది అనే అర్థమిచ్చే ప్రత్యయం చేర్చి ‘మిలియోనె’ అన్నారు. అంటే ‘పెద్ద వెయ్యి’ అన్నమాట. అది వెయ్యి వేలు, మన పది లక్షలు. ఈ మాట ఫ్రెంచిలోకి వెళ్ళి ‘మిలియన్’ అయింది.

మిలియన్‌కు మించిన సంఖ్యలకు ఫ్రెంచి గణితజ్ఞులు కొత్త పేర్లు కల్పించుకున్నారు. నికొలా షూకే అనే ఆయన 1484లో రాసిన గణిత గ్రంథంలో బిలియన్, ట్రిలియన్ వంటి పేర్లు వరుసగా కనిపిస్తాయి. ‘బి’ అంటే రెండు, ‘ట్రి’ అంటే మూడు. మిలియన్‌ను మిలియన్‌తో గుణిస్తే బిలియన్. దానిని మళ్ళీ మిలియన్‌తో గుణిస్తే ట్రిలియన్. మిలియన్‌కు ఆరు సున్నలు కనుక బిలియన్‌కు పన్నెండు, ట్రిలియన్‌కు పద్దెనిమిది. ఎంత చక్కని పద్ధతో చూశారా! ఈ మాటలు ఇంగ్లీషు, జర్మన్, స్పానిష్ మొదలైన భాషల్లోకి వెళ్ళాయి.

అయితే 17వ శతాబ్దంలో ఫ్రాన్సులోనే కొందరు పద్ధతి మార్చారు. షూకే పెద్ద సంఖ్యలను ఆరేసి అంకెల గుంపులుగా విడదీశాడు. వీరు మూడేసి అంకెల గుంపులుగా విడదీసి, మూడు సున్నలు పెరిగినప్పుడల్లా కొత్త పేరు పెట్టారు. దానితో మిలియన్ తరువాత వెయ్యి మిలియన్లే బిలియన్ అయింది. పన్నెండు సున్నలు తొమ్మిదికి తగ్గాయి! అమెరికా ఈ కొత్త పద్ధతిని అనుసరించింది. బ్రిటన్, జర్మనీ పాత పద్ధతిలోనే ఉండిపోయాయి.

అసలు వింత తరువాత జరిగింది. 1961లో ఫ్రాన్సు తన పాత పద్ధతికి చట్టరీత్యా తిరిగి వెళ్ళింది. బ్రిటన్ దీనికి ఎదురు దారి పట్టింది. ఇకపై ప్రభుత్వ లెక్కల్లో బిలియన్ అంటే వెయ్యి మిలియన్లేనని 1974లో ఆ దేశ ప్రధాని హెరాల్డ్ విల్సన్ ప్రకటించాడు. ఆ విధంగా రెండు దేశాలూ స్థానాలు మార్చుకున్నాయి.

మరి బిలియన్‌కు పన్నెండు సున్నలు పెట్టేవారు నూరు కోట్లను ఏమంటారు? ఫ్రెంచివారు ‘మిలియార్’ అంటారు. జర్మన్లు ‘మిలియార్డె’, ఇటాలియన్లు ‘మిలియార్డొ’ అంటారు. స్పెయిన్‌వారు సాధారణంగా ‘వెయ్యి మిలియన్లు’ అని సరిపెట్టుకుంటారు. రష్యన్లది మిశ్రమ పద్ధతి. వారికి నూరు కోట్లు ‘మిల్లియార్డ్’, లక్ష కోట్లు ‘ట్రిల్లియన్’. పోర్చుగీసు భాష సంగతి మరీ విచిత్రం. పోర్చుగల్‌లో బిలియన్‌కు పన్నెండు సున్నలు, అదే భాష మాట్లాడే బ్రెజిల్‌లో తొమ్మిది!

దీనివల్ల విజ్ఞానశాస్త్రానికి ఏమి ఇబ్బంది? చూడండి. భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. ఇంగ్లీషులో ఇది ‘4.54 బిలియన్’. అనువాదకుడు ఏమరుపాటుగా జర్మన్‌లో కూడా బిలియన్ అనే రాశాడనుకోండి. చదివేవారికి భూమి వయసు 4.54 లక్షల కోట్ల సంవత్సరాలు అవుతుంది. కాని విశ్వం వయసే సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు! భూమి తాను పుట్టిన విశ్వం కంటే దాదాపు 330 రెట్లు పాతదై కూర్చుంటుంది. ఒక్క మాట ఎంత పని చేసిందో చూశారా?

అందుకే శాస్త్రజ్ఞులు ఇలాంటి చోట్ల పేర్లను నమ్ముకోరు. 10⁹, 10¹² అని రాస్తారు. 1960లో అంతర్జాతీయ ప్రమాణాల్లో చేరిన ‘గిగా’, ‘టెరా’ అనే ఉపసర్గలు కూడా ఇందుకు ఉపయోగపడతాయి. గిగావాట్ అంటే ఏ దేశంలోనైనా 10⁹ వాట్లే; టెరావాట్ అంటే 10¹² వాట్లే. మన కోటి, లక్ష కోట్లతోనూ మనలో మనకు ఈ చిక్కు లేదు.

మీరు గ్రంథాలయంలో పాత ఇంగ్లీషు పుస్తకం తెరిచినప్పుడు బిలియన్ అనే మాట కనబడితే ఒక్క క్షణం ఆగండి. ఆ పుస్తకం ఏ దేశంలో, ఏ సంవత్సరంలో అచ్చయిందో చూడండి. 1974కు ముందు బ్రిటన్‌లో అచ్చయినదైతే, ఆ బిలియన్‌కు పన్నెండు సున్నలు ఉండవచ్చు.

ఇప్పుడు మీకొక లెక్క. సూర్యుడి నుండి నెప్ట్యూన్ గ్రహం సుమారు 450 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఈ దూరాన్ని అమెరికన్, జర్మన్, స్పెయిన్ విద్యార్థులు ఏమని చెబుతారు? కింద చూడకుండా ముందు మీరే ఆలోచించండి.

జవాబు: అమెరికన్ 4.5 బిలియన్ అంటాడు. జర్మన్ 4.5 మిలియార్డె అంటాడు. స్పెయిన్ విద్యార్థి 4,500 మిలియన్లు అంటాడు. మూడూ ఒకటే!