జవాను మనస్సు – గ్రామము పాత్ర

2024 సెప్టెంబరు మొదటివారమున బుడమేరు కట్టకు మూడు గండ్లు పడి, విజయవాడలో సింగ్‌నగర్ పరిసరములు నీట మునిగినవి. గండ్లు పూడ్చు పనిలో జలవనరుల శాఖవారికి తోడుగా సైన్యపు ఇంజనీరింగు దళము వచ్చినది. జవానులు ఇనుపతీగ బుట్టలలో రాళ్ళు నింపి ప్రవాహమునకు అడ్డుగా పేర్చిరి. 7వ తేదీన మూడవ గండియు పూడినది. చురుకుగా పనిచేసినను, మెల్లగా చేసినను సిపాయికి నెల జీతము ఒక్కటే. మరి అతనిచే అంతటి పని చేయించునది యేది?

ఈ ప్రశ్నతో పంచాయతీ సభ్యులకు నిమిత్తమేమి యని మీరు అడుగవచ్చును. ఉన్నదనియే మా అభిప్రాయము.

ఒక సెక్షనులోని సిపాయిలు కలిసి తిని, కలిసి నిద్రించి, కలిసి బరువులెత్తుదురు. తాను తప్పుకొన్నచో ప్రక్కవానిపై భారము పడునని ఎరిగినవాడు తన వంతు మానడు. నాట్లలో వెనుకబడినవానిని మునుము ఎట్లు లాగుకొని పోవునో మనమెరుగనిది కాదు.

పదోన్నతి సంగతి కొంత చిత్రమైనది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సైనికులను ప్రశ్నించి శామ్యూల్ స్టాఫర్ బృందము 1949లో ఒక గ్రంథము ప్రకటించెను. పదోన్నతులు త్వరగా లభించు వాయుదళమునకంటె, అరుదుగా లభించు మిలిటరీ పోలీసులలోనే వానిని గూర్చిన అసంతృప్తి తక్కువగా నుండెనట! మనిషి తన్ను ప్రక్కవానితోనే పోల్చుకొనును. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకము ననుసరించి నాలుగేండ్ల పిమ్మట అగ్నివీరులలో 25 శాతమునకు మించకుండ స్థిరసేవకు తీసికొందురు. తిరిగివచ్చిన యువకుని "నిన్ను ఉంచుకోలేదటగా" అని రచ్చబండకడ పలుకరించుట తగదు. ఆ పోలిక బాధ అతనికి మునుపే యున్నది.

అన్నింటికంటె ముఖ్యమైనది ఇల్లు. తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమును జనులు మిలిటరీ మాధవరమని పిలుతురు. అచట తరతరములుగా కుటుంబములు బిడ్డలను సైన్యమునకు పంపుచున్నవి. ఊరి గౌరవము వెంటనుండగా సిపాయి నిశ్చింతగా పనిచేయును. అట్లుగాక, సరిహద్దున కాపలా కాయువానికి "గట్టు జరిపినారు, కాలువ నీరు మళ్ళించినారు" అని ఇంటినుండి కబురు వచ్చిన, ఆ రాత్రి అతని మనస్సు చేనిలోనే యుండును. ఏ అధికారి ఉపన్యాసమును దానిని మరల్పజాలదు.

ఇట్టి తగాదాను తొలుత పెద్దలే కూర్చుండి తీర్చవలెను. వ్యాజ్యము దాకా పోయినచో 1925 నాటి భారత సైనికుల వ్యాజ్యముల చట్టము కలదు. యుద్ధస్థితిలోనో, చట్టము పేర్కొన్న ఇతర ప్రత్యేక పరిస్థితులలోనో సేవచేయు సిపాయి కోర్టునకు రాలేకున్నచో, అతని పక్షమున ఎవరును లేనిచో, కలెక్టరు ధ్రువీకరణపై విచారణను సాధారణముగా నిలిపివేయుదురు. కలెక్టరునకు ఈ సంగతి తెలుపు కాగితము మీ పంచాయతీనుండియే వెళ్ళవచ్చును. ఇతరమైన చిక్కులను జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు వ్రాయుడు. జవాను పేరు, సర్వీసు నంబరు, దళము పేరు అందు తప్పక ఉండవలెను.