పోటీ పరీక్షల ప్రత్యేకం: ఉత్తరాంధ్రలో అడ్డపొగ – స్త్రీ పురుషుల ధూమపాన భేదాలు

ప్రపంచంలో ఎక్కువ ప్రాంతాల్లో పొగ తాగడం ప్రధానంగా పురుషుల అలవాటు కాగా, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతపు గ్రామాల్లో మాత్రం చుట్ట తాగే అలవాటు స్త్రీలలో, ముఖ్యంగా వయసు పైబడినవారిలో, విస్తృతంగా కనిపించింది. వెలిగించిన కొసను నోటిలో ఉంచుకొని పొగ పీల్చే ఈ పద్ధతిని ‘అడ్డపొగ’ అంటారు.

ఆరోగ్య ప్రభావం: నిప్పు కొస నోటిలోనే ఉండటంతో వేడి, పొగ నేరుగా అంగిలికి, అంటే నోటి పైకప్పుకు, తగులుతాయి. అందువల్ల ఇతర ప్రాంతాల్లో అరుదైన అంగిలి క్యాన్సర్ ఈ అలవాటున్న వారిలో ఎక్కువగా నమోదైంది. ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, అడ్డపొగకూ అంగిలి గాయాలకూ గల సంబంధాన్ని వివరించిన అధ్యయనం 1971లో వెలువడింది.

జాతీయ చిత్రం: 2016–17 ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం దేశంలో పురుషుల్లో 19.0 శాతం, స్త్రీలలో 2.0 శాతం పొగ తాగుతున్నారు. నమిలే పొగాకును కూడా కలిపితే ఇవి వరుసగా 42.4, 14.2 శాతానికి చేరుతాయి.

చట్టం: సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం 2003లో వచ్చింది, బహిరంగ ప్రదేశాల్లో ధూమపాన నిషేధానికి సంబంధించిన సవరించిన నిబంధనలు 2008 అక్టోబరు 2న అమల్లోకి వచ్చాయి. అయితే అడ్డపొగ ఎక్కువగా ఇంటి ముంగిట సాగే అలవాటు కనుక, చట్టంతో పాటు నోటి పరీక్షలు, అవగాహన కూడా ఈ అలవాటున్న స్త్రీల ప్రాణరక్షణకు అత్యవసరం.