టికెట్ కొనే ముందు

ద్వారకా నగర్,
విశాఖపట్నం.

చిరంజీవి అమ్మలుకు,

నువ్వు పంపిన రెండు టికెట్ల వివరాలూ చూశాను. ఒకటి హైదరాబాద్, దుబాయ్‌ల మీదుగా, ఇంకొకటి సింగపూర్ మీదుగా. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఏది దగ్గర దారని అడిగావు.

గ్లోబు మీద దారం పట్టి లాగితే వైజాగ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు సుమారు 13,300 కిలోమీటర్లు. అలా నేరుగా వెళ్లే విమానం మనకు లేదు. దుబాయ్ మీదుగా అయితే మూడు విమానాలు కలిపి 16,000 పైచిలుకు. సింగపూర్‌కు 2,900, అక్కడి నుంచి 13,600, మొత్తం 16,500. లెక్క ప్రకారం దుబాయ్ దారే కాస్త దగ్గర. అయినా నా మాట సింగపూర్‌కే.

ఆకాశంలో దగ్గర దారి త్వరగా చేరుస్తుందన్న నమ్మకం లేదమ్మా. విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. తూర్పుకు వెళ్లేవాటిని వెనక నుంచి తోస్తుంది, పడమరకు వెళ్లేవాటికి అడ్డం పడుతుంది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు మానేసి పసిఫిక్ మీదుగా నడిపింది. దారి దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. ప్రయాణం మాత్రం పద్నాలుగున్నర గంటల్లోనే ముగిసింది, సుమారు రెండు గంటలు కలిసొచ్చాయి. సింగపూర్ నుంచి నువ్వు వెళ్లేదీ పసిఫిక్ మీదుగానే. తిరుగు ప్రయాణంలో ఆ గాలి ఎదురవుతుంది, అప్పుడు గంటో రెండు గంటలో ఎక్కువ పట్టినా కంగారు పడకు.

గాలి కన్నా ముఖ్యం, మధ్యలో ఆగే సమయం. దుబాయ్ దారిలో హైదరాబాద్ వరకు వేరే టికెట్, అక్కడ వ్యవధి గంటన్నర. సామాను బెల్టు దగ్గర తీసుకుని, ట్రాలీ తోసుకుంటూ వెళ్లి మళ్లీ చెకిన్ చేయాలి. అంతర్జాతీయ కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసేస్తారు. అంటే నీ చేతిలో ఉండేది అరగంట. మొదటి విమానం ఆలస్యమైతే, వేరు టికెట్ గనక రెండో కంపెనీ పూచీ పడదు.

అందుకే సింగపూర్ దారి మొత్తం ఒకే పీఎన్‌ఆర్ మీద తీసుకో. అక్కడ కనీసం మూడు గంటల వ్యవధి ఉంచుకో. వైజాగ్ కౌంటర్‌లో పెట్టెలకు కట్టిన ట్యాగ్ మీద శాన్‌ఫ్రాన్సిస్కో కోడ్ ఎస్‌ఎఫ్‌ఓ అని ఉందో లేదో చూశాకే కదులు. పాస్‌పోర్టు, కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం చేతి సంచిలోనే ఉండాలి, దిగగానే ఇమ్మిగ్రేషన్‌లో అడుగుతారు.

ఆగస్టులో సింగపూర్‌లో ఉదయం తొమ్మిదికి ఎక్కి పదిహేను గంటలు ప్రయాణించినా, శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే తేదీ ఉదయం తొమ్మిదికే దిగుతావు. మనకప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. నిద్ర ముంచుకొచ్చినా అక్కడ చీకటి పడేదాకా పడుకోకు, ఒళ్లు త్వరగా అలవాటు పడుతుంది.

బయల్దేరే రోజు మా ఇంటికి వచ్చేయ్. ట్రాఫిక్ చూసుకుని, ఎయిర్‌పోర్టుకు నేనే దింపుతాను. సింగపూర్ టికెట్ ఛార్జీ ఎక్కువైతే ఆ తేడా నేనిస్తాను. నువ్వు ఒంటరిగా చేసే మొదటి పెద్ద ప్రయాణం ఇది, పరుగులు పెట్టకుండా చేరాలి. టికెట్ ఇవాళే తీసుకో.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న