తెగిన పటం మనది కాదు
సంక్రాంతికి మిర్చి ఊళ్ళలో గాలిపటాలు: చేయవలసినవి - చేయకూడనివి

భోగి నాటికి ఫిరంగిపురం, ప్రత్తిపాడు, పర్చూరు, ఇంకొల్లు వైపు ఊళ్ళన్నీ పట్నం నుంచి వచ్చిన పిల్లలతో నిండిపోతాయి. చదునైన నల్లరేగడి, అక్కడక్కడా చెట్లు, అడ్డులేని గాలి. ఇంటిల్లిపాదీ కలిసి గాలిపటం ఎగరేయడానికి ఇంతకంటే ఏం కావాలి? కాకపోతే జనవరిలో ఆ నేల ఖాళీగా ఉండదు. మిరప కాపు మీద ఉంటుంది, పత్తి తీతలు నడుస్తుంటాయి, కల్లాల్లో కాయ ఎండుతుంటుంది. పటం తెగిందా, పిల్లలు తల పైకెత్తి దాని వెనకాలే పరుగు. కాలి కింద ఏముందో ఎవరు చూస్తారు? అందుకే ఆట మొదలెట్టకముందే ఇంట్లో ఒక మాట అనుకోండి: తెగిన పటం మనది కాదు.

చేయవలసినవి

• ముందురోజే పెద్దవాళ్ళెవరైనా వెళ్ళి చోటు చూసి రండి. కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, కాలువ, గట్టులేని బావి దగ్గరలో లేని బీడును ఎంచుకోండి. రేగడి నెర్రెలిచ్చిన చోట పిల్లల పాదం ఇరుక్కుని మడతపడుతుంది.
• పక్క చేల రైతును “బాబాయ్, మందెప్పుడు కొట్టారు?” అని అడగండి. తామర పురుగుకనీ, కాయతొలుచు పురుగుకనీ మిరపకు మందు పడుతూనే ఉంటుంది. ఆరిపోయిన ఆకుకూ మందు అంటుకునే ఉంటుంది.
• నూలు దారమే కొనండి. పిల్లలకు బూట్లు, నిండు ప్యాంటు, టోపీ వేయండి.
• పెద్దవాళ్ళలో ఒకరు దారం పట్టుకోకుండా పిల్లల్నే చూసుకోవాలి.
• నాలుగు పటాలు ఎక్కువే తీసుకెళ్ళండి. చేతిలో ఇంకొకటి ఉంటే పోయినదాని మీద పంతం ఉండదు.
• వచ్చేటప్పుడు తెగిన దారం ముక్కలన్నీ ఏరండి. కనుమ నాడు మనం పూజించే పశువులు ఆ గడ్డే మేయాలి.

చేయకూడనివి

• నైలాన్ మాంజా వద్దు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా దాన్ని నిషేధించింది. బండి మీద వెళ్ళేవాళ్ళ గొంతు కోస్తుంది, పక్షుల రెక్కలు తెంపుతుంది.
• తీగకు చిక్కిన పటాన్ని లాగొద్దు, కర్రతో తీయొద్దు. పొలాల మీదుగా పోయేవి చాలావరకు 11 కేవీ లైన్లు. తీగ తెగి కింద పడి ఉంటే దరిదాపులకు పోకుండా 1912కు ఫోన్ చేయండి.
• పైరున్న చేలోకి దిగొద్దు. బయట తిరగడాన్ని జనం హక్కుగా గుర్తించిన నార్వేలో కూడా 1957 నాటి చట్టం సాగుభూమిలో నడవడానికి మంచు కప్పిన, నేల గడ్డకట్టిన రోజుల్లోనే అనుమతిస్తుంది. మన చేలకు మంచు కప్పే కాలమే లేదు!
• సాగర్ కాలువలో పడ్డ పటం కోసం వంగొద్దు. సిమెంటు వాలు మీద కాలు జారితే పట్టు దొరకదు.
• కల్లంలో పరిగెత్తొద్దు. కాయ నలిగితే రైతుకు నష్టం, ఘాటు లేస్తే మన కళ్ళకు మంట.
• పిట్టగోడ లేని డాబా ఎక్కొద్దు, రోడ్డు మీద ఎగరేయొద్దు. పక్షులు గూటికి చేరే పొద్దుగూకే వేళ దారం చుట్టేయండి.

పొరపాటు జరిగితే

• మందు ఒంటికి తగిలితే బట్టలు విప్పి, సబ్బుతో బాగా కడగండి. వాంతులు, చొంగ, విపరీతమైన చెమట, చూపు మసకబారడం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా మీది చీటీని ఆసుపత్రికి తీసుకెళ్ళండి.
• కంట్లో కారం పడితే నలపకుండా చన్నీళ్ళతో చాలాసేపు కడగండి.
• దారం లోతుగా కోస్తే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి ఆసుపత్రికి పరుగెత్తండి.
• కరెంటు పట్టుకున్న మనిషిని, సరఫరా ఆగిందని తేలేవరకూ ముట్టుకోవద్దు.

పదిరూపాయల కాగితం ఏ మిరపచేలోనో వాలితే వాలనివ్వండి. పొద్దున కోతకెళ్ళే రైతు చేతికి దొరుకుతుంది. ఆయన ఇంట్లోనూ పిల్లలుంటారు.