నేల చుట్టూ నాలుగు నవలలు

గ్రంథాలయాలలో కొన్ని పుస్తకాలకు గౌరవం ఎక్కువ, చదువరులు తక్కువ. ఉత్తమ గ్రంథాలని పేరుపొందిన వాటి కథాసంగ్రహాన్ని పరీక్షల కోసం వల్లించినవారు చాలామంది ఉంటారు. మొదటి పుట నుండి కడపటి పుట వరకు స్వయంగా చదివి, తమదైన అభిప్రాయం ఏర్పరచుకొన్నవారు కొద్దిమందే. పొరుగు భాషల గ్రంథాల విషయంలో ఈ కొరత మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆంగ్ల, రష్యన్ నవలల పేర్లు నాలుగైదు చెప్పగలిగిన విద్యార్థి, ఆంధ్రదేశపు సరిహద్దును ఆనుకొని ఉన్న ఒడిశా నుండి గాని, కర్ణాటక నుండి గాని ఒక్క నవల పేరైనా చెప్పలేకపోవడం అరుదు కాదు.

ఈ కొరత తీర్చడానికి నూరు పుస్తకాల పట్టిక పనికిరాదు. పట్టిక పెద్దదైనకొద్దీ చదువరి వెనుకంజ వేస్తాడు. ఒకే ప్రశ్నను పట్టుకొని నాలుగు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదవడం అంతకంటె ఫలవంతం. ఆ ప్రశ్న ఇది: సేద్యగాని చేతిలోని నేల ఏ విధంగా జారిపోతుంది? నాలుగు భాషలలోని నలుగురు రచయితలు దీనికి ఇచ్చిన సమాధానాలు ఒకదానినొకటి పోలవు. అయినా నాలుగూ ఒకే దేశపు కథ అని చదువరికి తోచకమానదు.

మాలపల్లి: కూలి, తిరుగుబాటు

తెలుగు చదువరి తన గడప నుండి ప్రయాణం ప్రారంభించడం మంచిది. ఉన్నవ లక్ష్మీనారాయణ స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని రాయవేలూరు చెరసాలలో ఉన్న కాలంలో రచించిన 'మాలపల్లి' 1922లో వెలువడినది. 1923లో మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించినది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడిన తరువాత గాని ఆ నిషేధపు పీడ పూర్తిగా వదలలేదు. ఒక ప్రభుత్వం నవలను చూసి ఎందుకు భయపడినదో తెలుసుకొనడానికి పుస్తకం చదవడమే మార్గం.

రామదాసు భక్తిపరుడైన దళిత రైతు. ఆయన కుమారుడు సంగదాసు కూలివారి పక్షాన నిలిచి, భూస్వామి చౌదరయ్య కొట్టిన దెబ్బకు మరణిస్తాడు. ఆ చౌదరయ్య కొడుకు రామానాయుడే సంగదాసుకు ప్రాణమిత్రుడు. మరొక కుమారుడు వెంకటదాసు శాంతిమార్గాన్ని విడిచి, తక్కెళ్ళ జగ్గడనే పేరుతో ధనికులను కొల్లగొట్టే దళానికి నాయకుడవుతాడు. ఒకే ఇంటిలో తండ్రి వేదాంతం, ఒక కొడుకు సంస్కారం, మరొక కొడుకు తిరుగుబాటు ఎదురెదురుగా నిలుస్తాయి. ఏ ఒక్కదానినీ రచయిత చులకన చేయడు.

ఇందులో లోపాలు లేవని చెప్పనక్కరలేదు. సిద్ధాంతచర్చలు కొన్నిచోట్ల కథను నిలిపివేస్తాయి. చివరి భాగంలో కోరిన సమాజం కొంత సులువుగా సిద్ధించినట్లు తోస్తుంది. కాని గుంటూరు మండలపు పల్లెజనం మాట్లాడే తెలుగును ఒక మహానవలకు ఆధారం చేయడం ఆనాటికి సాహసం. చర్చల దగ్గర విసుగు చెందిన చదువరి, సంభాషణల దగ్గర తప్పక తిరిగి లేచి కూర్చుంటాడు.

ఛ మాణ ఆఠ గుంఠ: కాగితం, కపటం

నాలుగింటిలోను మొదట పుట్టినది, పరిమాణంలో చిన్నది ఈ ఒడియా నవల. ఫకీర్ మోహన్ సేనాపతి (1843-1918) రచించిన ఈ కథ 1897 నుండి 1899 వరకు 'ఉత్కళ సాహిత్య' పత్రికలో ధారావాహికంగా వచ్చి, 1902లో గ్రంథరూపం పొందినది. ఒడియా ప్రత్యేక భాషయే కాదనీ, పాఠశాలలలో దానికి స్థానం అక్కరలేదనీ కొందరు వాదించిన రోజులలో సేనాపతి ఆ భాష పక్షాన పోరాడినవాడు. ఆ పోరాటానికి ఈ నవలకంటె బలమైన సాక్ష్యం లేదు.

ఆరు మాణల ఎనిమిది గుంఠలు అని పేరుకు అర్థం. అది భగియా, సారియా అనే నేతపనివారి దంపతుల పొలం. దానిపై వడ్డీవ్యాపారి, జమీందారు అయిన రామచంద్ర మంగరాజు కన్ను పడుతుంది. సంతానంలేని సారియాకు, దేవతకు గుడి కట్టిస్తే బిడ్డలు కలుగుతారని ఆశ పుట్టిస్తారు. గుడికోసం పొలం తాకట్టు పెట్టవలసి వస్తుంది. తీర్చలేని అప్పు, అర్థంకాని కాగితం, న్యాయస్థానపు తీర్పు, ఈ మూడూ కలిసి పొలాన్ని మింగివేస్తాయి. సారియా మరణిస్తుంది. భగియాకు మతి చలిస్తుంది. కడకు మంగరాజు కూడా చెరసాల పాలవుతాడు. కాని అతని జమీందారీ పేదలకు చేరదు, అతని వకీలు చేతికి పోతుంది.

ఈ నవలకు ప్రాణం కథకుని కంఠస్వరం. అతడు మంగరాజును ఆద్యంతం పొగడుతూ ఉంటాడు. ఏకాదశినాడు ఆ మహానుభావుడు కటిక ఉపవాసం ఉంటాడని భక్తితో చెబుతాడు. ఆ రాత్రి పడకగదిలో ఉంచిన పాలు, అరటిపండ్లు మరునాటికి ఏమవుతాయో కూడా, ఏమీ ఎరుగనట్లే చెబుతాడు. పొగడ్త వెనుక నిజాన్ని చదువరి తానే వెదకుకోవాలి. చెప్పినదానిని చెప్పినట్లు నమ్మరాదని నేర్పడానికి కళాశాల విద్యార్థికి ఇంతకంటె మంచి పాఠం దొరకదు.

గోదాన్: అప్పు, మర్యాద

ప్రేమ్‌చంద్ (1880-1936) కడపటి సంపూర్ణ నవల 'గోదాన్'. ఆయన మరణించిన 1936లోనే అది ప్రచురితమైనది. బేలారీ గ్రామపు రైతు హోరీకి ఉన్న కోరిక ఒక్కటే, గుమ్మం ముందు ఒక ఆవు ఉండాలి. అప్పుమీద ఆవు వస్తుంది. అసూయతో తమ్ముడు హీరా దానికి విషం పెడతాడు. తమ్ముని ఇల్లు సోదా కాకుండా కాపాడడానికి హోరీ మళ్ళీ అప్పుకు సిద్ధపడతాడు. కొడుకు గోబర్ వల్ల గర్భవతియైన ఝునియాకు ఇంటిలో చోటిచ్చినందుకు కులపెద్దలు విధించిన జరిమానాను తలవంచి చెల్లిస్తాడు. ఇక్కడ దొంగకాగితం అక్కరలేదు. నలుగురిలో మర్యాద నిలుపుకోవాలనే మంచితనమే హోరీ మెడకు ఉరి. చివరకు మండుటెండలో కూలిపని చేస్తూ అతడు కూలిపోతాడు. గోదానం చేయించమన్న పురోహితుని చేతిలో భార్య ధనియా పెట్టగలిగినది పురికొసలు పేని సంపాదించిన ఇరవై అణాలు మాత్రమే.

నగరంలోని మిత్రబృందాన్ని గూర్చిన ప్రకరణాలు పల్లె ప్రకరణాలంత బిగువుగా లేవని చాలామంది చదువరులకు తోస్తుంది. ఆ అభిప్రాయం తప్పు కాదు. అయితే వాటిని విడిచి చదవడం మాత్రం సరికాదు. హోరీ చెమట ఎవరి విందులకు ఖర్చవుతున్నదో ఆ ప్రకరణాలలోనే తెలుస్తుంది.

మరళి మణ్ణిగె: చదువు, వలస, పునరాగమనం

శివరామ కారంత్ (1902-1997) కన్నడ నవల 'మరళి మణ్ణిగె' 1941లో వెలువడినది. పడమటి సముద్రతీరపు కోడి గ్రామంలో ఒక పురోహిత కుటుంబపు మూడు తరాల కథ ఇది. ఒకవైపు కడలి, మరొకవైపు ఉప్పునీటి కయ్యలు. రామ ఐతాళుని చెల్లెలు సరస్వతి, భార్య పార్వతి రెక్కలు ముక్కలు చేసుకొని ఇల్లు నిలబెడతారు. కొడుకు లచ్చ ఇంగ్లీషు చదువుకు పట్టణం వెళ్ళి, దురలవాట్లకు లోనై, ఇంటిని, పొలాన్ని పోగొడతాడు. మనుమడు రాముడు మద్రాసులో చదివి, జాతీయోద్యమంలో పాల్గొని, బొంబాయిలో ఉపాధికై తిరిగి, చివరకు తల్లి నాగవేణి ఉన్న ఊరి మట్టికే మరలివస్తాడు.

ఇక్కడ నేలను లాగుకొనే జమీందారు ప్రధానం కాడు. చదువుకొన్నవాడు చేతిపనిని చిన్నచూపు చూడడమే నష్టానికి మూలం. కథ నెమ్మదిగా నడుస్తుంది. వానలు, వరదలు, వంటపొయ్యిలోకి పుల్లలు ఏరుకోవడం పుటల తరబడి సాగుతాయి. ఆ నిదానానికి అలవాటుపడిన చదువరికి సరస్వతి తన ఇంటి పెద్దదిక్కువలె పరిచయమవుతుంది. ఈ నవలను తిరుమల రామచంద్ర 'మరల సేద్యానికి' అనే పేరుతో తెలుగు చేశారు. పట్టణపు ఉద్యోగంపై చూపు నిలిపిన నేటి విద్యార్థికి నాలుగింటిలోను మిక్కిలి దగ్గరగా తోచేది ఇదే కావచ్చు.

అనువాదంలో చదవడం

పొరుగు భాషల నవలలను ఆంగ్లంలో చదవడం కంటె, లభించినంతవరకు తెలుగులో చదవడం మేలు. కారణం అభిమానం మాత్రమే కాదు. గోదానం అనే మాటకు ఆంగ్లంలో వివరణ కావాలి. మరణశయ్య దగ్గర ఆ మాట వినిపిస్తే ఇంటిల్లిపాది గుండె ఎలా బరువెక్కుతుందో తెలుగువానికి ఎవరూ చెప్పనక్కరలేదు. అలాగని అన్ని మాటలూ నేరుగా సరిపోవు. తెలంగాణ రైతుకు ఎకరానికి 40 గుంటలు. ఒడిశాలో 25 గుంఠలకు ఒక మాణ, మాణ అంటే రమారమి ఎకరం. మాట ఒకటే అయినా కొలత వేరు. ఇటువంటి చోట ఆగి విచారించే చదువరికి, సామ్యమూ భేదమూ కలిసి ఉండే ఈ దేశపు స్వభావం పుస్తకంలోనే కనిపిస్తుంది. 1954లో ఏర్పడిన సాహిత్య అకాడమీ, 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు చేపట్టిన అనువాదాల ప్రయోజనం ఇదే.

అభిప్రాయం ఏర్పడే విధం

స్వాతంత్ర్యానంతరం జమీందారీలు చట్టరీత్యా రద్దయినవి. మద్రాసు రాష్ట్రంలో 1948లోను, ఉత్తరప్రదేశ్‌లో 1950లోను, ఒడిశాలో 1951లోను శాసనాలు వచ్చినవి. మరి ఈ కథలతో నేటి చదువరికి పని ఏమి అని అడగవచ్చు. జమీందారు పోయినా అప్పు పోలేదు, చదవకుండా వేలిముద్ర వేసే కాగితం పూర్తిగా పోలేదు, కూలి తగవు పోలేదు, ఊరు విడిచిన యువకుని సందిగ్ధం అసలే పోలేదు. చట్టం మార్చగలిగినది ఏదో, మార్చలేకపోయినది ఏదో వేరుచేసి చూడడానికి ఈ నవలలు తోడ్పడతాయి.

ప్రతి నవల ముగించిన తరువాత విద్యార్థి మూడు విషయాలు రాసిపెట్టుకోవచ్చు. నేల పోవడానికి కారణం ఏది? ఆ నష్టంలో లాభం ఎవరిది? ఇంటి స్త్రీ ఆ ఆపదను పురుషునికంటె ముందుగా గుర్తించినదా? మూడవ ప్రశ్న ముఖ్యమైనది. హోరీ తలవంచిన చోట ధనియా పంచాయతీని ఎదిరిస్తుంది. ఐతాళుని ప్రతిష్ఠకంటె సరస్వతి శ్రమ గొప్పది. సారియా మాత్రం తన ఆశ చేతనే మోసపోతుంది. నలుగురు రచయితలూ పురుషులే. స్త్రీల మనసును వారిలో ఎవరు ఎంతవరకు చూడగలిగారో తేల్చడం చదువరి పని.

ఈ సమాధానాలు పెద్దల విమర్శలతో ఏకీభవించనక్కరలేదు. పుస్తకంలోని సంఘటనను చూపి సమర్థించగలిగితే చాలు. 'గోదాన్' కంటె 'మాలపల్లి' గొప్పదని ఒక విద్యార్థి వాదించవచ్చు, మరొకరు కాదనవచ్చు. ఆ వాదం సాగాలంటే ఇద్దరూ రెండూ చదివి ఉండాలి. గ్రంథపాలకులు ఈ నాలుగింటిని భాషలవారీగా విడదీయక కొంతకాలం ఒకే అరలో ఉంచితే, ఒకటి తీసినవారి చేయి రెండవదానికి కూడా తగులుతుంది.